బాలింతను ఎప్పుడు అడగాలి?

ప్రసూతి వార్డులో మూడో రోజు. తొలి కానుపు. పక్కలో పసిబిడ్డ, మంచం అంచున తల్లి, గోడవారగా అత్త. చేతిలో ప్రశ్నాపత్రం పట్టుకొచ్చిన పరిశోధక విద్యార్థిని అడుగుతుంది: "మిమ్మల్ని ఇక్కడ ఎట్లా చూసుకున్నారమ్మా?" జవాబు క్షణం ఆలస్యం లేకుండా వస్తుంది: "బాగానే చూసినారు మేడమ్." తిరుపతిలో అడిగినా, చిత్తూరులో అడిగినా, పలమనేరులో అడిగినా ఈ ప్రశ్నకు ఎక్కువగా దొరికేది ఈ జవాబే. కాగితం మీద "సంతృప్తి" అన్న గడిలో టిక్కు పడుతుంది. వందమందిని అట్లా అడిగి, నూటికి తొంభైమంది సంతృప్తిగా ఉన్నారని నివేదిక రాయవచ్చు.

ఆమె అబద్ధం చెప్పలేదు. బిడ్డ బతికి బయటపడింది, తానూ బతికింది. ఆ ఊరట ముందు రాత్రంతా పడ్డ బాధ, ఎవరో కసిరిన మాట, దాహమైతే నీళ్ళు ఇవ్వనివ్వకపోవడం, అన్నీ చిన్నవైపోయాయి. పైగా ఆమె ఇంకా ఆ మంచం మీదే ఉంది. కుట్లు చూసేది, డిశ్చార్జి కాగితం ఇచ్చేది ఆ ఆసుపత్రివాళ్ళే. ప్రశ్న అడిగిన అమ్మాయి ఆసుపత్రి మనిషి కాదని ఆమెకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. అత్త వింటోంది. ఇన్ని ఉన్నప్పుడు "బాగానే చూసినారు" కాక ఇంకేం వస్తుంది?

తొలిసారి తల్లులైనవాళ్ళ అనుభవాన్ని శాస్త్రీయంగా తెలుసుకోవడంలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. ప్రశ్న తప్పు కాకపోవచ్చు. అడిగిన రోజు, అడిగిన చోటు తప్పయి ఉండవచ్చు. స్వీడన్‌లో ఉల్లా వాల్డెన్‌స్ట్రోమ్ రెండు వేల మందికి పైగా తల్లులను కానుపైన రెండు నెలలకు ఒకసారి, ఏడాదికి మరోసారి అదే సంగతి అడిగి, 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఎక్కువమంది మాట మారలేదు. కానీ సుమారు నలుగురిలో ఒకరు, ఏడాది గడిచాక, కానుపు తాము మొదట చెప్పినదానికంటే కష్టంగా గడిచిందన్నారు. ఏడాదిలో కానుపు మారలేదు. దాన్ని తలుచుకునే ధైర్యం, తలుచుకోవడానికి తీరిక వచ్చాయి. అంతకుముందు 1991లో అమెరికాలో పెనీ సిమ్‌కిన్ ఇంకా దూరం వెళ్ళారు. పదిహేను ఇరవై ఏళ్ళ కిందట తొలి బిడ్డను కన్న ఇరవై మందిని కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్ళకు నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో, ఉమ్మనీరు ఎక్కడ పోయిందో గుర్తుంది. డాక్టరు, నర్సు తమతో అన్న మాటలు మాట మాటగా గుర్తున్నాయి. వాటిలో కొన్ని మంచివి, కొన్ని ఇరవై ఏళ్ళయినా మానని గాయాలు. తొలి కానుపు జ్ఞాపకం అంత గట్టిది. దాన్ని మూడో రోజున ఒక టిక్కుతో తేల్చేయడం ఆ తల్లికి అన్యాయం, శాస్త్రానికీ నష్టం.

ఒక తల్లి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి అన్న పద్ధతిని ఈ రంగంలో నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది లండన్‌లోని ఆన్ ఓక్లీ పేరు. 1970లలో ఆవిడ తొలిచూలు గర్భిణులు అరవై ఆరుగురితో మొదలుపెట్టి, వాళ్ళలో యాభై అయిదుగురిని నాలుగుసార్లు కలిశారు: గర్భంతో ఉండగా రెండుసార్లు, కానుపైన అయిదు వారాలకు ఒకసారి, అయిదు నెలలకు ఒకసారి. అప్పటి పాఠ్యపుస్తకాలు పరిశోధకురాలు ప్రశ్నలు అడగాలే గాని జవాబులు చెప్పకూడదని, అవతలివాళ్ళు ఏదన్నా అడిగితే నవ్వి మాట మార్చాలని నేర్పేవి. ఓక్లీకి ఆ పద్ధతి నిలవలేదు. ఆ తల్లులు ఆమెను తిరిగి అడిగిన ప్రశ్నలు లెక్కపెడితే 878 అయ్యాయి. వాటిలో నూటికి డెబ్బై ఆరు సమాచారం కోసం అడిగినవే. బిడ్డ ఏ దారిన బయటికొస్తుంది, మాయ అంటే ఏమిటి, కుట్లు ఎప్పుడు ఊడిపోతాయి, ఇట్లాంటివి. తెలిసినవాటికి ఆవిడ జవాబు చెప్పారు. 1981లో రాసిన వ్యాసంలో, ఆ తల్లులు తనతో అంత మనసు విప్పి మాట్లాడడానికి కారణం తాను జవాబు చెప్పడమేనని వాదించారు. ఆ వాదన ఇవాళ్టికీ నిలిచే ఉంది. నన్ను అడిగితే, మన ప్రాంతంలో అది ఇంకా ఎక్కువ నిజం. నెల తప్పిన పద్దెనిమిదేళ్ళ పిల్లకు అడగడానికి మనిషి దొరకడం కష్టం. అమ్మను అడగాలంటే సిగ్గు, అత్తను అడగాలంటే భయం, డాక్టరమ్మ ముందు నిలబడేది రెండు నిమిషాలు.

ఇక మన నేల మీదికి వద్దాం. తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పేరు అందరికీ తెలుసు. అక్కడి సామాజిక కార్య విభాగం ఆచార్యులు ఉమ వెన్నం నాయకత్వంలో సాగిన పని గురించి ఆ ఊళ్ళోనే చాలామందికి తెలియదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించే "యంగ్ లైవ్స్" అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడు వేల మంది పిల్లల జీవితాలను వెంబడిస్తూ వచ్చింది. ఒక జట్టు 1994-95లో పుట్టినవాళ్ళు, ఇంకో జట్టు 2001-02లో పుట్టినవాళ్ళు. రాయలసీమ నుంచి అనంతపురం, కడప జిల్లాలు అందులో ఉన్నాయి. అంకెల సర్వేలో హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం భాగస్వామి. పల్లెల్లో కూర్చుని మాట్లాడి వినే గుణాత్మక పరిశోధనకు నాయకత్వం తిరుపతి నుంచి వచ్చింది.

ఆ అధ్యయనం గొప్పతనం ఏమిటంటే, అది తల్లులను వెతుక్కుంటూ వెళ్ళలేదు. ఎనిమిదేళ్ళ పిల్లల దగ్గరికి వెళ్ళింది. పన్నెండేళ్ళప్పుడు మళ్ళీ వెళ్ళింది, పదిహేనుకు వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళకు వెళ్ళేసరికి ఆ ఆడపిల్లల్లో కొందరు తల్లులై ఎదురొచ్చారు. 2016లో రేణు సింగ్, ఉమ వెన్నం కలిసి రాసిన పత్రం ప్రకారం పెద్ద జట్టు అమ్మాయిల్లో నాలుగో వంతుకు పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్ళి చేసుకున్నారు. పంతొమ్మిదికి పెళ్ళయి ఉన్నవాళ్ళలో సగానికి పైగా అప్పటికే ఒక బిడ్డను కన్నారు. పదిహేనేళ్ళకు బడి మానేసిన పిల్లకు చిన్నవయసులోనే పెళ్ళి అయ్యే అవకాశం బడిలో కొనసాగినదానికంటే బాగా ఎక్కువని తేలింది. అంటే ఒక తొలి కానుపు కథ ప్రసూతి వార్డులో మొదలు కావడం లేదు. ఏడో తరగతి తర్వాత హైస్కూలు ఎంత దూరంలో ఉంది, ఆ దారిన బస్సు ఉందా లేదా అన్న దగ్గర మొదలవుతోంది. వార్డులో మూడో రోజున అడిగేవాళ్ళకు ఈ దారి మొత్తం కనబడదు. 2010 దశకం చివరికి ఇదే బృందం ఇథియోపియా, పెరూ, జాంబియాల్లోని పరిశోధకులతో కలిసి చిన్నవయసు పెళ్ళిళ్ళు, చిన్నవయసు తల్లిదండ్రుల మీద ప్రత్యేకంగా మరో అధ్యయనం చేసింది. అందులో భర్తలతో కూడా మాట్లాడారు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

పేర్లు మార్చి రాయడం, ఊరి పేరు దాచడం ఇట్లాంటి పరిశోధనలో మామూలే. దానికంటే ముందు రావలసింది అనుమతి. ఈ విషయంలో తెలుగు నేల మీద ఒక పాత గాయం ఉంది, మరిచిపోకూడనిది. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద ప్రయోగం పెట్టారు. పల్లెల నుంచి ఆడవాళ్ళను పిలిపించారు. పిల్లలు పుట్టకుండా సూది అన్నారు గాని అది ఇంకా పరీక్షలో ఉన్న మందని, దాని ఇబ్బందులు ఇవని వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళి విషయం విడమర్చి చెప్పాక చాలామంది వెనుదిరిగారు. మరుసటి ఏడాది ఆ సంఘం, ఢిల్లీలోని సహేలీ తదితరులు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే స్త్రీశక్తి సంఘటన 1986లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలను మాట్లాడించి "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. తర్వాత ఆడవాళ్ళ ఆరోగ్యం మీద "సవాలక్ష సందేహాలు" తెచ్చింది. వినడం, జవాబు చెప్పడం రెండూ ఒకే పనికి రెండు చేతులని వాళ్ళు తమ పనితో చూపించారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "మీ ఇష్టం మేడమ్" అన్నంత మాత్రాన అది అనుమతి కాదు. వద్దని చెప్పినా తనకు రావలసిన వైద్యం, డబ్బు, మందులు ఏవీ ఆగవని ఆమెకు నమ్మకం కలిగాక చెప్పిన "సరే" అనుమతి.

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో తొలి కానుపు గురించి అడగబోయేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఆ తల్లి ఒక చోట ఉండదు. నెల తప్పినప్పుడు అత్తగారింట్లో ఉంటుంది. ఆ ఊరి ఆశా కార్యకర్త పేరు రాసుకుంటుంది, ఏఎన్‌ఎం కార్డు ఇస్తుంది, అంగన్‌వాడీలో గుడ్లు, పాలు మొదలవుతాయి. శ్రీమంతం అయ్యాక పుట్టింటివాళ్ళు తొలి కానుపుకు తీసుకుపోతారు. ఆ పుట్టిల్లు వేరే మండలం కావచ్చు, వేరే రాష్ట్రమే కావచ్చు. ఈ సీమ భూగోళం అట్లాంటిది. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడింది చాలావరకు ఉత్తర ఆర్కాటు నుంచి విడగొట్టిన తాలూకాలతోనే. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లాను మళ్ళీ విడగొట్టి తిరుపతి జిల్లాను చేశారు, మదనపల్లె వైపు ప్రాంతాన్ని అన్నమయ్య జిల్లాలో కలిపారు. గీతలు మారినా చుట్టరికాలు మారలేదు. కుప్పంలో నిలబడితే ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. నగరి పిల్లకు తిరుత్తణిలో మేనమామ ఉంటాడు. చిత్తూరువాళ్ళు కష్టం ముదిరితే ఇప్పటికీ వేలూరు బస్సెక్కుతారు. దానికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్ళు, మగ డాక్టరు వద్దన్న ఇంటి కట్టుబాటు వల్ల, కానుపు కష్టమై చనిపోయారని తెలిసి ఐడా స్కడర్ వైద్యం చదివి వచ్చారు. 1900లో వేలూరులో ఆవిడ మొదలుపెట్టిన వైద్యమే క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా పెరిగింది.

కాబట్టి ఒకే గర్భం రికార్డు రెండు మూడు చోట్ల చెల్లాచెదరుగా ఉంటుంది. ఏడో నెల దాకా ఒక ఊరి రిజిస్టరులో, కానుపు ఇంకో ఆసుపత్రిలో, బిడ్డ టీకాలు పుట్టింటి ఉపకేంద్రంలో. మూడో నెలలోనో అయిదో నెలలోనో ఆమె బిడ్డతో అత్తగారింటికి తిరిగి వస్తుంది. అప్పటికి మాతా శిశు రక్షణ కార్డు ఒక్కటే ఆ మొత్తం కథకు సాక్ష్యం. పరిశోధకురాలు ఆసుపత్రి జాబితా పట్టుకుని అత్తగారి ఊరికి వెళితే తాళం, పుట్టింటికి వెళితే "నిన్ననే పోయింది మేడమ్" అన్న మాట. దాంతో ఆ పేరు కొట్టేస్తారు. అట్లా కొట్టేసిన పేర్లలోనే ఎక్కువ తిరగవలసివచ్చినవాళ్ళు, పుట్టింటి అండ లేనివాళ్ళు, కర్ణాటకకు కూలికి పోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళు లేని ఫలితం నిజం కంటే అందంగా కనబడుతుంది.

పుట్టిల్లు అన్నంత మాత్రాన అంతా సుఖమేనని కూడా అనుకోకూడదు. వేలూరు పక్కనే కణియంబాడి బ్లాకులో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 359 మంది గర్భిణులతో మాట్లాడి, కానుపయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్ళీ కలిశారు. 2002లో వచ్చిన ఆ అధ్యయనంలో నూటికి పదకొండు మందికి కానుపు తర్వాత కొత్తగా కుంగుబాటు వచ్చినట్టు తేలింది. ఎవరికి ఎక్కువ వచ్చిందో చూడండి: ఆదాయం తక్కువైనవాళ్ళకు, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టినవాళ్ళకు, అత్తతోనో కన్నవాళ్ళతోనో పొత్తు కుదరనివాళ్ళకు, ఇంట్లో చేయి సాయం లేనివాళ్ళకు. మన ఇళ్ళలో బాలింతకు చెవుల్లో దూది పెడతారు, నడికట్టు కడతారు, సాంబ్రాణి పొగ వేస్తారు, పథ్యం పెడతారు. నీళ్ళు తక్కువ తాగమనడం వంటి కొన్ని అలవాట్లు పాలిచ్చే తల్లికి మంచివి కావు, వాటిని మాన్పించాలి. కానీ ఒక అవ్వ రోజూ పొద్దున్నే వచ్చి తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోసి, తల తుడిచి, పడుకోబెట్టి పోవడాన్ని మూఢాచారమని కొట్టిపారేసే ప్రశ్నాపత్రం కణియంబాడి చెప్పిన సంగతిని విననట్టే. చేయి సాయం ఉండటం, లేకపోవడం వైద్యపరమైన విషయమే.

ఇప్పుడు అంకెలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కానుపులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఒక తరం కిందట ఊహించలేనిది ఇది. 108 బండి, ఆశా కార్యకర్త, జననీ సురక్ష యోజన, ఇంటింటి ఏఎన్‌ఎం తిరుగుడు అన్నీ కలిసి సాధించాయి. అదే సర్వేలో 42.4 శాతం కానుపులు సిజేరియన్లు. దేశం సగటు 21.5. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 అయితే ప్రైవేటులో 63. ఈ చివరి అంకె చదివి కోపం రావడం సహజం. కానీ కోపంతో ఆగిపోతే కారణం తెలియదు. డబ్లిన్‌లో పనిచేసిన మైఖేల్ రాబ్సన్ 2001లో కానుపులన్నిటినీ పది వర్గాలుగా విడదీసే పద్ధతి చెప్పారు, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. అందులో మొదటి రెండు వర్గాలూ తొలి కానుపువాళ్ళవే: నెలలు నిండి, ఒక్క బిడ్డ తల కిందికి ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్ళు ఒకటి; మందుతో నొప్పులు తెప్పించుకున్నవాళ్ళు లేదా నొప్పులు రాకముందే ఆపరేషన్ అయినవాళ్ళు రెండు. వెనక ఒకసారి సిజేరియన్ అయినవాళ్ళది అయిదో వర్గం. ఈ రోజు మొదటి రెండు వర్గాల్లో కోసిన కడుపు చాలావరకు రెండేళ్ళకో మూడేళ్ళకో అయిదో వర్గంలోకి వస్తుంది, వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి మళ్ళీ కోతే. అందుకే సిజేరియన్లు తగ్గించే మాట ఎక్కడ మొదలుపెట్టాలంటే తొలి కానుపు దగ్గరే.

తొలి కానుపుకు సమయం ఎక్కువ పడుతుంది. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత కొలత ప్రతి తల్లికీ వర్తించదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. అయిదు సెంటీమీటర్ల దగ్గర నొప్పుల అసలు దశ మొదలైనట్టు లెక్క, అక్కడి నుంచి తొలిచూలు తల్లికి పన్నెండు గంటల దాకా పట్టవచ్చు, తల్లీ బిడ్డా బాగున్నంతవరకు ఆగవచ్చు అంది. ఆగడానికి మాత్రం పక్కన మనిషి ఉండాలి. కానుపు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ఆసుపత్రులకు చెప్పింది. "నొప్పుల్లో మీ పక్కన ఎవరున్నారు?" అన్న ఒక్క ప్రశ్న, "సంతృప్తిగా ఉన్నారా?" అన్న పది ప్రశ్నల కంటే ఎక్కువ చెబుతుంది. ఎవరున్నారు, ఎంతసేపున్నారు, వాళ్ళను బయటికి ఎప్పుడు పంపారు, కోయాలని ఎవరు ఎవరితో చెప్పారు, సంతకం ఎవరు పెట్టారు. ఇవి జరిగిన సంగతులు. జరిగిన సంగతి అడిగితే తల్లి చెబుతుంది. ఆ చెప్పడంలో ఆమె మనసు దానంతటదే బయటికొస్తుంది.

కుటుంబ నియంత్రణ దగ్గరికి వచ్చేసరికి మన రాష్ట్రం అంకెలు దేశంలో ఎక్కడా లేని ఆకారంలో ఉంటాయి. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ వివాహితల్లో నూటికి 69.6 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళు. దేశం సగటు 37.9. మగవాళ్ళ ఆపరేషన్ 0.4. మాత్రలు, లూప్, కండోమ్, ఇంజెక్షన్ అన్నీ కలిపినా నూటికి ఇద్దరు తేలరు. వాడకం ఎక్కువ, రకాలు లేవు. పెళ్ళి, వెంటనే తొలి బిడ్డ, వెనువెంటనే రెండో బిడ్డ, పాతికేళ్ళ అటూ ఇటూ ఆపరేషన్. ఎడం అన్నది ఈ వరుసలో ఎక్కడా లేదు.

ఇది ఆడవాళ్ళ స్వభావం నుంచి వచ్చింది కాదు, చరిత్ర నుంచి వచ్చింది. 1952లో దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశమంతటా ఒక్క ఏడాదిలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ మగవాళ్ళకే. ఆ బలవంతానికి జనం ఓటుతో జవాబు చెప్పాక ప్రభుత్వాలు మళ్ళీ మగవాళ్ళ జోలికి పెద్దగా వెళ్ళలేదు, భారం దాదాపు మొత్తం ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. లాపరోస్కోపీ శిబిరాలు వచ్చాయి. 1996లో కేంద్రం లక్ష్యాల పద్ధతి ఎత్తేసినా, 1997లో ఆంధ్రప్రదేశ్ సొంత జనాభా విధానం ప్రకటించి చిన్న కుటుంబాన్ని ఉద్యమంగా నడిపింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీకి అనర్హులన్న నిబంధన అప్పటికే ఉంది. 1992-93లో 2.6 దగ్గరున్న సంతాన సాఫల్య రేటు 2005-06కు 1.8కి, 2019-21కు 1.7కి దిగింది. 2024 నవంబరులో శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను తీసేసింది. 1997లో తక్కువ కనమన్న ముఖ్యమంత్రీ, 2024లో ఎక్కువ కనమన్న ముఖ్యమంత్రీ ఒకరే: చంద్రగిరి దగ్గరి నారావారిపల్లెలో పుట్టి, కుప్పం నుంచి గెలుస్తూ వచ్చిన నారా చంద్రబాబు నాయుడు. జనాభా లెక్కలు మారితే విధానం మారడంలో తప్పు లేదు. నా అభ్యంతరం ఒక్కటే. అప్పుడూ ఇప్పుడూ ఎంతమందిని అన్న మాటే వినిపించింది. ఎప్పుడు, ఎంత ఎడంతో, ఏ పద్ధతితో అన్నది ఆ తల్లిని అడిగి తెలుసుకున్న దాఖలా తక్కువ.

తొలి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్యనున్న ఆ కాలంలో ఏం జరుగుతోందో చూడండి. కానుపు తర్వాత మళ్ళీ గర్భం రావడానికి కనీసం ఇరవై నాలుగు నెలలు ఆగడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బిడ్డకు పాలిస్తున్నంతకాలం నెలసరి రాదు, గర్భం రాదు అన్న నమ్మకం మన ఊళ్ళలో గట్టిది. అందులో నిజం ఉంది, దానికి హద్దూ ఉంది. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆ హద్దు గీశారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, పూర్తిగా తల్లిపాలే పట్టాలి, నెలసరి తిరిగి మొదలుకాకూడదు. మూడూ ఉంటే నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు రక్షణ. ఒక్కటి తప్పినా లేదు. పాలు చాలలేదని మూడో నెలలో డబ్బాపాలు మొదలుపెట్టిన తల్లికి ఆ రక్షణ అక్కడితో సడలిపోతుంది. అసలు పాలివ్వని తల్లికి నాలుగు వారాలు దాటాక ఎప్పుడైనా అండం విడుదల కావచ్చు, అదీ నెలసరి కనబడకముందే. "ఇంకా ముట్టు రాలేదు కదా" అనుకుంటూ ఉండగానే రెండో గర్భం నిలిచిపోవడం ఇట్లాగే. సిజేరియన్ కుట్టు సరిగా మానకముందే నిలిచిన గర్భం ఆ తల్లికి మరింత ప్రమాదం.

ఎడం కోసం ప్రభుత్వ కేంద్రాల్లో ఉన్నవి లేకపోలేదు. కానుపైన నలభై ఎనిమిది గంటల్లోపు పెట్టే లూప్ ఉంది. మూడు నెలలకు ఒకసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది, పాలిచ్చే తల్లికి ఆరు వారాల తర్వాత వేయవచ్చు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన సెంట్‌క్రోమాన్ మాత్ర ఛాయ పేరుతో ఉచితంగా ఇస్తారు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. వీటి గురించి తొలి తల్లికి చెప్పేవాళ్ళు ఎప్పుడు చెబుతున్నారు? నొప్పుల మధ్య, కానుపు బల్ల మీద చెప్పి సరే అనిపించుకుంటే అది పటాన్‌చెరు తప్పే మళ్ళీ చేయడం. గర్భంతో ఉండగా, ఆరో నెల పరీక్షలప్పుడు, కూర్చోబెట్టి చెప్పవలసిన మాట అది. కానీ తొలిచూలు గర్భిణితో ఆ మాట ఎత్తితే ఇంట్లో అపశకునమనుకుంటారని కార్యకర్తలే వెనకాడతారు. ఈ భయం ఎంత నిజం, ఎంత ఊహ అన్నది ఎవరన్నా ఈ ప్రాంతంలో పట్టుగా అడిగి తేల్చవలసిన ప్రశ్న.

ఇంకో కఠినమైన సంగతి ఉంది. అదే జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భిణులో. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పద్దెనిమిది నిండని భార్యతో సంసారం నేరం. పోక్సో చట్టం ప్రకారం అట్లాంటి సంగతి తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చట్టం ఉద్దేశం పిల్లను కాపాడటం. దాని నీడలో ఆ పిల్ల వయసు దాచుకుంటుంది, ఆసుపత్రికి ఆలస్యంగా వస్తుంది, ప్రశ్నాపత్రం పట్టుకొచ్చినవాళ్ళకు "పంతొమ్మిది" అని చెబుతుంది. వైద్యం ఎక్కువ అవసరమైన తల్లి లెక్కలోంచి, కంటి ముందు నుంచి రెండింటి నుంచీ తప్పుకుంటుంది. పరిశోధకురాలు నోరు తెరవకముందే తన చట్టబద్ధ బాధ్యత ఏమిటో ఆ పిల్లకు చెప్పాలి, ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో నిర్ణయించుకునే హక్కు ఆమెకు ఇవ్వాలి. దానివల్ల సమాచారం కొంత పోతుంది. పోనివ్వాలి.

ఇందాక భర్తల మాట అన్నాను. తొలి బిడ్డ ఎప్పుడన్న నిర్ణయంలో మొదటి ఏడాది లోపే కడుపు పండాలన్న ఒత్తిడి భార్య మీదే కాదు, కొత్త పెళ్ళికొడుకు మీదా ఉంటుంది. వాళ్ళమ్మ అడుగుతుంది, స్నేహితులు అడుగుతారు. అతన్ని ఎవరూ పరిశోధన పేరుతో అడగరు. మగవాళ్ళ ఆపరేషన్ 0.4 అన్న ఆ అంకె వెనక ఏముందో తెలియాలంటే అతన్ని కూడా విడిగా, మగ పరిశోధకుడు, వేరే రోజున అడగాలి. భార్యాభర్తలు చెప్పినవి ఒకరివి ఒకరికి చేరకూడదు. మేనరికాలున్న ఇళ్ళలో ఇది ఇంకా జాగ్రత్తగా చేయాలి. అక్కడ అత్త మేనత్త కావచ్చు, అమ్మమ్మే కావచ్చు. గడప దాటి బయటికొచ్చిన మాట పొద్దు గుంకేలోపు రెండు ఇళ్ళూ చుట్టి వస్తుంది.

కనుక తిరుపతిలో ఈ పని మొదలుపెట్టబోయే విద్యార్థినులకు నేను చెప్పేది ఇది. మొదటిసారి గర్భంతో ఉండగా అత్తగారి ఊళ్ళో కలవండి, రెండు ఇళ్ళ చిరునామాలూ రాసుకోండి. రెండోసారి పుట్టింట్లో, పురుడు వెళ్ళి నెల దాటాక, పొలానికో పనికో పెద్దవాళ్ళు బయటికి వెళ్ళిన వేళ చూసుకుని వెళ్ళండి. మూడోసారి బిడ్డకు ఆరు నెలలు నిండే ముందు, తిరిగి అత్తగారింటికి వచ్చాక. అప్పుడు ఆమె రాత్రులు ఎట్లా గడుస్తున్నాయో, వండేదెవరో, బిడ్డను ఎత్తుకునేదెవరో అడగండి. నాలుగోసారి ఏడాదిన్నరకు. ఆ రోజున వెళ్ళేముందు ఆ ఊరి ఉపకేంద్రంలో అంతర ఇంజెక్షన్ ఏ వారం వేస్తారో, ఛాయ మాత్రలు నిలవున్నాయో లేదో ఏఎన్‌ఎంను కనుక్కుని వెళ్ళండి. ఎందుకంటే ఆ తల్లి మిమ్మల్ని అడుగుతుంది.